తారల తూకం, మన దిగులు



ఈవేళ సినిమాతారల బరువు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "ఇదేం సంగతమ్మా, పిల్లల చదువులూ పప్పుల ధరలూ వదిలేసి!" అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. ఏ తార లావెక్కింది, ఏ తార చిక్కింది అన్న కబురు లేని సినిమా పేజీ ఎప్పుడైనా చూశారా? ఆ పేజీ చదివి పక్కన పెట్టాక, అద్దం ముందు నిలబడి పైట ఒకసారి సర్దుకోనివాళ్లం మనలో ఎంతమందిమి? తార సంగతి తారతో పోదు. అది మన వంటింటి దాకా వస్తుంది. మన ఆడపిల్లల కంచం దాకా వస్తుంది. అందుకే దీని పూర్వాపరాలు కాస్త తెలుసుకోవాలి.

ముందుగా మన మాటల్నే అడిగి చూద్దాం. "ఒళ్లు చేశావే, కాపురం చల్లగా ఉందన్నమాట!" అని పుట్టింటికొచ్చిన పిల్లని మెచ్చుకునేవాళ్లు. నిండుగా ఉంది, పుష్టిగా ఉంది, కండపట్టింది, బొద్దుగా ముద్దుగా ఉంది - ఇవన్నీ దీవెనల వంటి మాటలు. అదే సన్నగా ఉన్న పిల్లను చూస్తే, "ఏమ్మా, చిక్కిపోయావు? అత్తగారింట్లో అన్నం పెట్టట్లేదా?" అని దిగులుపడేవాళ్లు. ఎండుపుల్ల, ఈనెపుల్ల అనేవి వెక్కిరింపులు. ఈరోజు ఈ మాటలు తలకిందులయ్యాయి. "చిక్కావే!" అంటే పొంగిపోతున్నాం. "ఒళ్లు చేశావే!" అంటే ఆ పూట అన్నం మానేస్తున్నాం. మాట మారకుండానే దాని రుచి మారిపోయింది.

పూర్వం అలా ఎందుకనేవారో మా సీమవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. మా పుట్టిల్లు ఓబులదేవరచెరువు. ఊరి పేరులోనే చెరువు ఉంది గాని, ఆకాశం కరుణించడం మాత్రం అరుదు. మా అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు గురించి మా పెద్దలు వాళ్ల పెద్దల నోట విన్నారు. ఆ రోజుల్లో కరువు పనికి వెళ్లిన మగవాడికి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్కారు తీర్మానించింది. పౌను అంటే అర కిలోకి కూడా తక్కువ. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. ఆ కూలితో మనిషి బతకలేడని మద్రాసు రాజధానిలో ఆరోగ్య కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. అటువంటి నేల మీద, ఒంటి మీద కాస్త కండ ఉన్న ఆడమనిషి అంటే ఏమిటి అర్థం? ఆ ఇంట్లో గింజలున్నాయని. వచ్చే ఏడు వాన రాకపోయినా ఆ తల్లి బిడ్డకు పాలివ్వగలదని. అందం అక్కడి నుంచి పుట్టింది.

హిందూపురం నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు. వీరభద్రస్వామి గుడికి మీరు వెళ్లే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు నంది దగ్గర ఫొటో దిగి వచ్చేయకుండా, మండపం పైకప్పు మీద ఉన్న రంగుల బొమ్మల్ని తల ఎత్తి చూడండి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, వేసిన బొమ్మలవి. ఆ స్త్రీలు కట్టిన చీరల అంచుల్ని మన నేతగాళ్లు ఇప్పటికీ చూసి నేస్తారు. ఆ చీరలు కట్టుకున్న ఒళ్లను కూడా చూడండి. నిండైన భుజాలు, వెడల్పాటి నడుము కింది భాగం. ఒక్కరికీ ఎముకలు కనిపించవు.

అట్లని పూర్వం ఆడవాళ్ల ఒంటి మీద ఎవరి పెత్తనమూ లేదని నేననను. మన ప్రబంధకవులు నాయిక నడుము ఉందో లేదో అని అనుమానాలు పడ్డవాళ్లే. పెళ్లిచూపుల్లో పిల్లను నడిపించి చూసినవాళ్లూ మనవాళ్లే. కాని ఒక్క తేడా ఉంది. కవి వర్ణించిన నడుముకు కొలత లేదు. ఇంచీలు లేవు, కిలోలు లేవు. అదొక ఊహ. దాన్ని చదివి ఏ ఇల్లాలూ అన్నం మానలేదు.

మరి కొలత ఎక్కడి నుంచి వచ్చింది? చాలా దూరం నుంచి. 1830 ప్రాంతాల్లో బెల్జియం దేశంలో కెట్లే అనే గణితశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్క కట్టాలని, బరువుకీ ఎత్తుకీ ఒక సూత్రం కనిపెట్టాడు. ఆయన వైద్యుడు కాడు. ఏ ఒక్క మనిషి ఆరోగ్యాన్నీ చూడడానికి ఆ సూత్రం పుట్టలేదు. తర్వాత 1940లలో అమెరికాలోని మెట్రోపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీ, ఇంత ఎత్తుకు ఇంత బరువు ఉండాలని పట్టికలు అచ్చు వేసింది. 1972లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు పాత కెట్లే సూత్రాన్ని బయటికి తీసి, 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టాడు. ఈరోజు ఏ ఆసుపత్రికి వెళ్లినా చెప్పే బి.ఎం.ఐ. ఇదే. విచిత్రం ఏమిటంటే, ఆయన ఆ పరిశోధనకు తీసుకున్నది అయిదు దేశాల మగవాళ్ల లెక్కల్ని. ఆడవాళ్లు అందులో లేనే లేరు!

మనదేశంలో ఈ తూకం సరదాగా ప్రవేశించింది. పెద్ద పెద్ద రైల్వేస్టేషన్లలో రంగుదీపాలు గిర్రున తిరిగే తూకం యంత్రం గుర్తుందా? దాని మీద నిలబడి నాణెం వేస్తే టక్కున ఒక అట్టముక్క పడేది. ఒకవైపు మన బరువు, దాంతోపాటు జాతకం. చాలా వాటికి రెండోవైపు సినిమాతార బొమ్మ! పిల్లలు ఆ బొమ్మల కోసమే పోటీలు పడి ఎక్కేవాళ్లు. మన బరువు, మన అదృష్టం, ఒక తార మొహం - మూడూ ఒకే అట్టముక్క మీద. ఎవరూ కుట్ర పన్ని చేసింది కాదు గాని, తర్వాత జరగబోయేదంతా ఆ అట్టముక్కలోనే ఉంది.

ఇక మన సినిమాకు వద్దాం. 1950లలో తెలుగు తెరను ఏలినవాళ్లెవరు? 'మల్లీశ్వరి'లో భానుమతి. 'దేవదాసు', 'మిస్సమ్మ'లలో సావిత్రి. ఈనాటి కొలబద్ద పెడితే వీళ్లెవరూ నిలవరు. ఆనాడు మాత్రం ఆ నిండుదనాన్ని లక్ష్మీకళ అన్నారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో సావిత్రి మాయాశశిరేఖగా ఎస్.వి. రంగారావు నడకనూ చూపునూ ఒంటికి పట్టించుకుని నటించిన తీరు చూడండి. ఘటోత్కచుడు ఆడపిల్ల రూపంలో దూరాడంటే నమ్మించడానికి ఒంట్లో ఒక బలం కావాలి. ఆ బలం ఆమెకుంది.

కొన్నేళ్లకే గాలి మారింది. సినిమా పత్రికలు పెరిగాయి. ప్రశ్నలు-జవాబుల శీర్షికలు పెరిగాయి. ఫలానా తార వయసెంత, భర్త ఎవరు, అంత లావెందుకయింది - ఇవీ పాఠకుల ప్రశ్నలు. జవాబు ఎంత చురుక్కుమంటే పత్రిక అంత అమ్ముడుపోయేది. సావిత్రి ఒళ్లు చేసినకొద్దీ ఆమె నటన గురించిన మాట తగ్గి, ఒంటి గురించిన మాట పెరిగింది. 1968లో ఆమె స్వయంగా 'చిన్నారి పాపలు' సినిమాకు దర్శకత్వం వహించారు. ఒక ఆడమనిషి కెమెరా వెనక నిలబడి సినిమా తీయడం ఆ రోజుల్లో ఎంత సాహసం! ఈ సంగతి ఎందరికి తెలుసు? ఆమె లావయిన సంగతి మాత్రం అందరికీ తెలుసు.

తర్వాత కష్టాలొచ్చాయి. ఆస్తి పోయింది. మధుమేహం, తాగుడు ఆరోగ్యాన్ని తిన్నాయి. 1980లో కోమాలోకి వెళ్లి, 19 నెలలు ఆ స్థితిలోనే ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. లావైందని నవ్విన నోళ్లే, ఎముకల గూడైన ఆమె ఫొటో చూసి అయ్యో అన్నాయి. ఆ ఫొటో ఈనాటికీ చేతి ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. నిండుగా ఉంటే నేరం, చిక్కితే వింత. ఆ మహానటి ఒంటికి చచ్చిపోయాక కూడా మరుగు దొరకలేదమ్మా.

మరి లావుపాటి ఆడవాళ్లకు తెర మీద చోటే లేదా అంటే, ఉంది. నవ్వించడానికో, తిట్టించుకోవడానికో! 1962 నాటి సినిమాకు సూర్యకాంతం పాత్ర పేరే పెట్టి 'గుండమ్మ కథ' అన్నారు. ఆవిడ ప్రతిభ కొండంత. కాని ఆ తర్వాత మన వీధుల్లో కాస్త లావుగా, గట్టిగా మాట్లాడే ప్రతి ఇల్లాలూ 'గుండమ్మ' అయిపోయింది. హిందీలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. ఉమాదేవి అనే ఆవిడ 1947లో 'దర్ద్' సినిమాలో పాట పాడి దేశమంతా పేరు తెచ్చుకుంది. అప్పుడు ఆమె ఒక గొంతు. ఎవరూ నవ్వలేదు. 1950లో 'బాబుల్'తో తెర మీదికొచ్చింది. 'టున్ టున్' అని పేరు పెట్టారు. ఆనాటి నుంచి లావుగా ఉన్న ఆడపిల్లని ఏడిపించడానికి ఆ పేరే వాడుక అయింది. అదే మనిషి, అదే ప్రతిభ. గొంతు వినిపించినంత సేపు గౌరవం, ఒళ్లు కనిపించగానే పరిహాసం. రేడియోలో మాట్లాడే నాకు ఈ సంగతి ఎప్పుడూ మనసులో మెదులుతుంటుంది. మైకుకు నా గొంతు కావాలి గాని నా నడుము కొలత అక్కరలేదు.

మగవాళ్ల సంగతో? ఎస్.వి. రంగారావు భారీ విగ్రహాన్ని నిండుదనం అన్నాం. రేలంగి బొజ్జను చూసి నవ్వాం, నిజమే. కాని ఆ నవ్వుతోపాటు 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది. మా హిందూపురం నుంచి మూడుసార్లు శాసనసభకు గెలిచిన నందమూరి తారక రామారావు గారికి 1977లో 'అడవిరాముడు' వచ్చేనాటికి 54వ ఏడు నడుస్తోంది. ఆయన నడుము గురించి ఎవరూ అడగలేదు, అడగనక్కరా లేదు. ఎవరినీ తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఒకే తెర మీద రెండు తక్కెడలు ఎందుకున్నాయని మాత్రమే అడుగుతున్నాను.

"ఇవన్నీ సినిమావాళ్ల గొడవలు, చూసినంత మాత్రాన మన పిల్లలు మారిపోతారా?" అనవచ్చు మీరు. దీనికి జవాబు ఫిజీ దీవుల్లో దొరికింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల్లో కూలికి వెళ్లిన దేశమది. అక్కడి మూలవాసులకు కూడా మనలాగే నిండైన ఒళ్లే అందం. ఎవరైనా చిక్కితే ఇంటిల్లిపాదీ దిగులుపడతారు. అటువంటి చోట నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ బెకర్ అనే వైద్యురాలు, టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మూడేళ్ల తర్వాత 1998లో మరోసారి, అక్కడి బడి ఆడపిల్లల్ని ప్రశ్నించింది. సన్నబడడం కోసం తిన్నది కక్కుకునే పిల్లలు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్లలో నూటికి 11 మంది దాటారు. తిండి విషయంలో మనసు చెదిరినట్టు కనిపించిన పిల్లలు నూటికి 13 మంది నుంచి 29 మందికి పెరిగారు. వేల ఏళ్ల అభిప్రాయం మూడేళ్లలో కొట్టుకుపోయింది! మన ఈటీవీ మొదలయింది కూడా ఆ 1995లోనే. ఇప్పుడైతే టీవీ హాల్లోనే ఉండిపోయింది. ఫోను పిల్ల దిండు కిందికి చేరింది.

ఇక మన కళ్ల ముందు జరిగినవి చూద్దాం. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో ఆర్తి అగర్వాల్ మనకు పరిచయమయింది. 2002లో 'ఇంద్ర'. ఎంత ఆదరించాం! తర్వాత ఒళ్లు చేసింది. పత్రికల్లోనూ టీవీల్లోనూ ఆమె పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించడం మొదలుపెట్టారు. 2015 జూన్ 6న అమెరికాలో ఆమె చనిపోయింది. వయసు 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకుందని, తర్వాత ఊపిరి ఆడక ఇబ్బంది పడిందని ఆమె మేనేజరు పత్రికలకు చెప్పారు. ఒక్కరే చంపారని ఎవరినీ అనలేం. కాని ఆ రెండు ఫొటోలను చూసి "అయ్యో, ఎట్లా అయిపోయింది!" అని నవ్వినవాళ్లలో మన ఇళ్లు లేవంటారా?

అదే ఏడాది నవంబరులో అనుష్క 'సైజ్ జీరో' అనే సినిమాలో నటించింది. లావుగా ఉన్న పిల్ల తన ఒంటితో సమాధానపడే కథ. దాని కోసం ఆమె నిజంగానే బరువు పెరిగింది. పెరగడం పాత్ర కోసమైనా, ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఆమె ప్రతి కొత్త సినిమాకూ మొదటి ప్రశ్న అదే - తగ్గిందా, లేదా? 2018లో 'మహానటి'లో సావిత్రిగా కీర్తి సురేశ్ నటించి జాతీయ ఉత్తమ నటి అయింది. సావిత్రి ఒళ్లు చేసిన ఘట్టాలు చూసి మనమంతా కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆ తర్వాత కీర్తి సురేశ్ సన్నబడితే, "మరీ చిక్కిపోయింది, కళ పోయింది" అని అదే జనం అన్నారు. ఇందులో గెలుపు ఎక్కడుంది చెప్పండి? లావైతే ఒక వార్త, చిక్కితే ఒక వార్త. వాళ్లకు కావలసింది వార్త. ఆమె ఎలా ఉన్నా వార్తే.

బిడ్డ తల్లులకూ మినహాయింపు లేదు. 2011 నవంబరులో ఐశ్వర్యా రాయ్ ఆడపిల్లను కన్నది. కొన్ని నెలలకే, ఇంకా సన్నబడలేదేమిటని ఆమె మీద పడ్డారు. మనం బాలింతకు ఏం పెడతాం? నెయ్యి, కాయం, వెల్లుల్లి కారం, వేడన్నం. మూడో నెల దాకా మంచం దిగనివ్వం. బిడ్డకు పాలు పడాలని. అంత పద్ధతి ఉన్న మన దేశంలోనే ఒక బాలింతను పట్టుకుని ఎందుకు తగ్గలేదని అడిగారంటే, మన అమ్మమ్మలు ఏమనుకుంటారు?

ఇదంతా మన ఇళ్లలో ఎలా దిగుతుందో చూడండి. మా బంధువుల్లో ఇంటరు చదివే పిల్ల ఒకతె ఉంది. చురుకైన పిల్ల. ఒక పెళ్లిలో ఎవరో, "ఏమే, హీరోయిన్ అవుతావనుకుంటే ఆమె తల్లి వేషానికి సరిపోయేట్టున్నావే" అని నవ్వులాటకన్నారు. అన్నవాళ్లు మరిచిపోయారు. పిల్ల మరిచిపోలేదు. పొద్దున ఫలహారం మానింది. మధ్యాహ్నం డబ్బా స్నేహితులకు పంచింది. రాత్రి సంగటి ముద్ద చూస్తేనే మొహం తిప్పుకుంది. నాలుగు నెలలకు కాలేజీలో కళ్లు తిరిగి పడిపోతే, రక్తం ఎనిమిదికి దిగిందన్నారు డాక్టరమ్మ. తల్లి ఏడుస్తూ అన్న మాట ఇది - "ఇంట్లో బియ్యం లేక కాదే, వేరుశనక్కాయలు లేక కాదే, ఏం రోగం మాకిది?" ధాత కరువులో తిండి లేక చిక్కారు. ఈ కరువు మాటలతో వచ్చింది.

ఇది ఆ ఒక్క ఇంటి గొడవ అనుకోకండి. 2019-21లో ప్రభుత్వం జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. అదే సర్వేలో నూటికి 36 మందికి బరువు ఎక్కువ, నూటికి 15 మందికి బరువు తక్కువ. ఈ అంకెలు జాగ్రత్తగా చూడండి. లావుగా ఉన్నవాళ్లలోనూ రక్తం లేనివాళ్లున్నారు. చూపుకు సన్నగా ఉండటం వేరు, ఒంట్లో సత్తువ ఉండటం వేరు అని ఇంతకంటే ఏం రుజువు కావాలి?

ఇక్కడ ఒక మాట ఖండితంగా చెప్పాలి. బరువును అసలు పట్టించుకోవద్దని నా ఉద్దేశం కాదు. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు ఇంటింటా ఉన్నాయి. మన ఆసియా వాళ్లకు పొట్ట దగ్గర పేరుకునే కొవ్వు ఎక్కువ కీడు చేస్తుందని, అందుకే బి.ఎం.ఐ. 23 దాటినప్పటి నుంచే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతున్నారు. కాని డాక్టరు తూకానికీ సినిమా పేజీ తూకానికీ ఒక పెద్ద తేడా ఉంది. డాక్టరు నాడి చూస్తాడు, రక్తం చూస్తాడు, ఏం తింటున్నావని అడుగుతాడు, తలుపు వేసి చెబుతాడు. సినిమా పేజీ ఏమీ అడగదు, అందరి ముందూ చెబుతుంది. మొదటిది వైద్యం. రెండోది పరాభవం. సిగ్గుతో ఎవరి ఆరోగ్యమూ బాగుపడదు. సిగ్గుపడ్డ మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానేస్తుంది.

దేశాలు కొన్ని దీన్ని చట్టంతో సరిచేయాలని చూశాయి. 2013లో ఇజ్రాయెల్, 2017లో ఫ్రాన్సు, మరీ బక్కచిక్కిన మోడళ్లతో పని చేయించకుండా చట్టాలు అమలులోకి తెచ్చాయి. మోడల్ ఒంటిని సన్నగా దిద్దిన వ్యాపార ఫొటో అయితే ఆ సంగతి దాని మీద రాయాలన్నాయి. మన దగ్గర కూడా ఆడవాళ్లు గొంతెత్తితే కంపెనీలు వినకపోలేదు. 1975 నుంచి అమ్మిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పేరులోంచి 2020లో ఆ 'ఫెయిర్' తీసేశారు కదా! పేరు మారినంత మాత్రాన అంతా మారదు. కాని మాట బలం ఎంతటిదో తెలుస్తుంది.

చట్టాలు మన చేతిలో లేవు. మన నోరు మన చేతిలో ఉంది. పేరంటంలో కలిసిన మనిషిని "లావయ్యావే" అని గాని, "చిక్కావే" అని గాని పలకరించడం మానేద్దాం. "బాగున్నావా, పిల్లలెట్లా ఉన్నారు?" అంటే సరిపోదా? ఆడపిల్ల ముందు మన ఒంటిని మనమే తిట్టుకోవద్దు. అమ్మ అద్దంలో చూసుకుని ఏమంటుందో పిల్ల వింటుంది, అదే నేర్చుకుంటుంది. టీవీలో ఏ తారనో వెక్కిరిస్తుంటే, "ఆమె బాగా చేసిందా లేదా అది చెప్పు" అని పిల్లలతో అనండి. రక్తపరీక్ష ఏడాదికొకసారి చేయించండి, మీదీ, పిల్లదీ. చింతాకు పప్పుతో సంగటి ముద్ద, వేరుశనగల ఊరుబిండి, ఆకుకూర - మన సీమ భోజనానికి ఏ తారా సిఫార్సు చేయనక్కరలేదు.

సావిత్రి పాత సినిమా ఏదైనా టీవీలో వస్తే ఈసారి పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆమె కళ్లు చూడమనండి, నవ్వు చూడమనండి, మాట విరుపు వినమనండి. కిలోల లెక్క మనం ఎత్తకపోతే, ఆ పిల్లకు ఆ లెక్క తోచనే తోచదు.